బట్టల సేటు మట్టి పరీక్ష

సదానందం మనుషుల్ని ఇట్టే నమ్మేవాడు. మట్టిని మాత్రం, ఉన్నన్నాళ్లూ, నలిపి చూడనిదే నమ్మలేదు. మట్టెవాడలో ముప్పై ఏళ్లు బట్టల దుకాణం నడిపిన చేతులాయె. చిటికెడు మట్టి దొరికితే చాలు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చీర అంచులా రుద్దేవాడు. నల్లరేగడి ఆయన లెక్కలో తడిస్తే ఒంటికంటుకునే పాలిస్టర్. ఉత్త ఇసుక దోమతెర. మాగని పేడ రంగు దిగే సరుకు. విత్తనం మొలవాలంటే ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు కలిసి మల్లుగుడ్డలా ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే రాలిపోవాలి.

ఈ సిద్ధాంతం మూలంగా భార్య పద్మలతకు ఇంట్లో పిండి జల్లెడ దక్కేది కాదు. పరకాలలో ఒక పెళ్లికి పోతే, అక్షింతలు ఎడమచేతిలోకి మార్చుకుని, పందిరి గుంజ కింద వంగి మట్టి నలపడం మొదలుపెట్టాడు. ఉంగరం పోయిందేమోనని మరో నలుగురు వంగి వెతికారు. దొరికిందా అని పెళ్లికొడుకు తండ్రి అడిగాడు.

"దొరికింది గని, ఇసుక ఎక్కువున్నది" అన్నాడు సదానందం.

ఎవరు మట్టి చూపించినా ఫెయిల్ చేసేవాడు. దాబా మీద మొక్కల కోసం జల్లించి పోసుకున్న తన మట్టిని తానే రెండుసార్లు ఫెయిల్ చేసుకున్నాడు.

పక్కింటి చిలుకమ్మ మిర్చి నారు పోసి అమ్ముకుని బతికేది. ఒక ఏడాది మొలకలన్నీ మొదలు కుళ్లి వరసగా ఒరిగిపోయాయి. వారంలోగా మళ్లీ పోయకపోతే రైతులు ఇంకోచోట కొంటారు, ఆమెకిక ఆ ఏడాది గడవదు. ఊరికే ఏమిచ్చినా పుచ్చుకునే మనిషి కాదు. పద్మలత గిన్నెడు పప్పు పంపితే, గిన్నె నిండా చింతచిగురు తిరిగొచ్చేది.

సదానందం ఆమె మడిలో చెయ్యి పెట్టాడు. పచ్చిపేడ, ఇంకా వేడిగానే ఉంది. ఏం మాటంటాడోనని గోడ ఇవతల పద్మలత చెవి ఒగ్గింది.

"చెల్లె, ఇది పట్టు" అన్నాడాయన. "గిసొంటి మట్టి నేనెన్నడు చూడలే."

"మరి మొలకలెందుకు సచ్చినయి సేటు?"

"పసిపిల్లలకు పట్టు కడితె ఉంటరా? నాకియ్యి. బదులు మా దాబ మీది మట్టి తీస్కపో. అది ఉత్త బనియన్ గుడ్డ."

చిలుకమ్మ తక్కువదా? అంత మంచి సరుకు ఊరికే పోతుందనుకుని గంటసేపు బేరమాడింది. చివరికి తన ఒక తట్టకు ఆయనవి మూడు తట్టల లెక్కన ఒప్పించింది. రెండేళ్లు జల్లించి మాగబెట్టిన మట్టి సాయంత్రానికల్లా గోడ దాటింది. దాబా మీద పేడ కంపు మిగిలింది.

పదిహేను రోజులకు చిలుకమ్మ మడి పచ్చగా లేచింది. గోడ దగ్గరికొచ్చి, మొహమాటం లేకుండా చెప్పింది.

"నీ మట్టిల దమ్ము లేదు సేటు. నా చెయ్యి మంచిది కాబట్టి మొలిచినయి."

"మట్టిల ఏమున్నది చెల్లె" అన్నాడు సదానందం. "అంత చేతిలనే ఉంటది."

పద్మలత గబగబా లోపలికి పోయి, తలుపేసుకుని నవ్వింది.