అద్దం పంపిన ఎండ

మా ఎదురింటి సైన్సు సారు పోయారు. కొన్నాళ్లు దవాఖానలో ఉండి, శనివారం తెల్లవారుజామున. ఆయన కింది పోర్షన్‌లో ఉండే ఆవిడ మా గేటు దగ్గర నిలబడి, "పెద్దక్కా, సారు లేడు" అని మాత్రం అంది. నేను అప్పుడు తులసికి నీళ్లు పోస్తున్నాను. చెంబులో మిగిలినవి కూడా పోసి, లోపలికి వెళ్లి కూర్చున్నాను.

లాల్‌దర్వాజాలో మా గల్లీ అంతా నన్ను పెద్దక్క అనే పిలుస్తుంది. మా తమ్ముళ్లు అలా పిలిచేవారు. వాళ్లకు చదువు చెప్పిన సారు నాకంటే చాలా పెద్ద, అయినా ఆయనకూ అదే అలవాటైంది. తమ్ముళ్లు సంతోష్‌నగర్ వెళ్లిపోయారు. పిలుపు ఇక్కడ ఉండిపోయింది.

మా బస్తీ బడిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు మీలోనూ ఉండవచ్చు. నాకు గుర్తున్నది మాత్రం ఒక అద్దం.

మా ఇంటి వెనక, తూర్పున, పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. మా వాకిట్లోకి పొద్దుటి ఎండ రావడం ఆగిపోయింది. అక్కడే అమ్మ కట్టించిన తులసికోట. కొన్ని నెలలకే తులసి సన్నగా సాగి గల్లీ వైపు ఒరిగింది. ఆకులు వెడల్పై, పలచబడి, రంగు తగ్గాయి. ఇంటికి మంచిది కాదన్నారు కొందరు. కోట తీసేసి డాబా మీద కట్టుకోమన్నారు ఇంకొందరు. అమ్మ తన చేత్తో పసుపు రాసిన కోటను పగలగొట్టించడం నా వల్ల కాదు. తులసి పోతుంటే చూస్తూ ఉండటమూ కాలేదు. ఆ ఇంట్లో నాతో పాటు మిగిలిన ప్రాణం అదొక్కటే.

సారును పిలిచాను. చెప్పులు గేటు బయటే విడిచి వచ్చి, కోట ముందు గొంతుక్కూర్చున్నారు. ఆకు తెంపలేదు. వేలి మీద ఆనించుకుని చూశారు.

"చస్తలేదు పెద్దక్కా. ఎతుక్కుంటున్నది."

"ఏం ఎతుక్కుంటది సారూ?"

"ఎండ. గందుకే గట్ల పొడుగు సాగింది. ఆకు పెద్దగ చేసుకున్నది, దొరికినంత పట్టుకోవాలె గద. మీ లెక్క దండం పెట్టి ఊకోదు అది."

చాలా రోజుల తర్వాత నవ్వాను. కర్ర కట్టి నిలబెడతానంటే వద్దన్నారు. "అది తెలివితోని వంగింది. మీరు నిలవెడ్తె మళ్ల మొదటికెల్లి వంగాలె."

తర్వాతి ఆదివారం ఆయన బాల్కనీ కమ్మీలకు పాత బీరువా అద్దం తీగతో కట్టి కనిపించింది. పైఅంతస్తు కాబట్టి అక్కడికి ఎండ వస్తుంది. అద్దం కాస్త వంచగానే ఆ ఎండ గల్లీ దాటి మా తులసి మీద పడింది. పొద్దు కదిలితే వెలుగూ జరిగిపోతుంది కదా. ఆయన పేపరు చదువుకుంటూ మధ్యమధ్య లేచి అద్దం తిప్పేవారు.

పాలాయన కింద నుంచి అరిచేవాడు. "ఏంది సారూ, ఎండ గూడ కిరాయికిస్తున్నవా?"

"నీ పాలల్ల నీళ్లెన్నో గీ అద్దంల సూస్తున్న. పో పో!"

మా వాకిలి గోడ చెమ్మలో ఏదో చిన్న ఆకుమొక్క మొలిస్తే పీకబోయాను. పైనుంచే కేకేశారు. "ఎండున్నప్పుడు రాలే అది. నీడ జూసి వచ్చింది. ఉండనియ్యిరి." ఆ గోడ పక్కనే తమలపాకు తీగ నాటించారు. ఎండకు వాడిపోయే తీగ, ఆ నీడలో పైదాకా ఎగబాకింది. తులసి మీదికి తిప్పిన వెలుగు దాని మీద పడకుండా చూసేవారు.

నేను తులసి చుట్టూ తిరిగేటప్పుడు మాత్రం వెలుగు ఉండేది కాదు. మబ్బేమో అనుకునేదాన్ని. ఒకరోజు తలెత్తితే అద్దం మీద తువ్వాలు కప్పి ఉంది. నేను దండం పెట్టుకుని చెంబు అందుకోగానే సారు తువ్వాలు తీశారు. నా కళ్లలో పడుతుందని. ఆ సంగతి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు.

దవాఖానకు వెళ్తూ కూడా తువ్వాలు కప్పే వెళ్లారు. అప్పటి నుంచి తులసి కింది ఆకులు రాలుస్తోంది. కొస మాత్రం ఆయన బాల్కనీ వైపే ఉంది.

కర్మలు అయ్యాక ఆయన కూతురు సామాను తీసుకెళ్లింది. కింది ఆవిడ తాళంచెవి పట్టుకుని వచ్చింది.

"పెద్దక్కా, ఓనరోళ్లు ఇల్లు మళ్ల కిరాయికిస్తరంట. అద్దం తీసెయ్యమంటున్నరు. ఒకసారి వచ్చి సూస్తరా?"

ఇన్నేళ్లలో ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. గది ఖాళీ. తువ్వాలు వానకు తడిసి, ఎండి, బిరుసెక్కింది. తీశాను. వెలుగు వెళ్లి తమలపాకు తీగ మీద పడింది. అద్దం కొంచెం తిప్పాను. ఇంకొంచెం. వెలుగు గోడ దిగి, నేల మీద పాకి, కోట ఎక్కింది.

"తీసెయ్యాల్నా అక్కా?"

"ఉండనియ్యి. వచ్చేటోళ్లను నేను అడుగుత."

పైనుంచి చూస్తే మా వాకిలి చాలా చిన్నది. తులసి వెలుగులో ఉంది. దాని ముందు, రోజూ నేను చేతులు జోడించి నిలబడే బండ. అక్కడ ఎవరూ లేరు.

తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాను.