లేనివాడితో పోట్లాట

మా మేనమామకి పెళ్ళిళ్ళకీ సభలకీ మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టుండేది. అందరికీ ఆయన మైకు మామయ్యే, సొంత మేనకోడలినైన నాకు కూడా. చుట్టుపక్కల ప్రార్థన హాళ్ళన్నిటికీ, ఏ మతమైనా సరే, ఆయనే మైకు పెట్టేవాడు. వైర్లు పరిచి, స్టాండు ఎత్తు సరిచేసి, వెనక గోడ దగ్గర యాంప్లిఫయర్ పక్కన కూర్చునేవాడు. కుయ్యిమన్నప్పుడు మీట తిప్పడం తప్ప ఇక పనేముంది? వినడమే. అలా అన్ని మతాల ప్రసంగాలూ విన్నాడు. ఒక్కదాన్నీ నమ్మలేదు.

"పెళ్ళి గురించి ఒక ముక్క చెప్తారే, పిల్లల పెంపకం గురించి అర ముక్క. చావు దగ్గరికొచ్చేసరికి గంటసేపు మైకు వదలరు. తామే వెళ్ళి సున్నం వేసొచ్చినట్టు పైలోకం గోడల రంగు కూడా చెప్తారు!" అని నవ్వేవాడు.

ఎదురు కొట్టులో వాచీలు బాగుచేసే బాబాయ్ మామయ్యకి చిన్ననాటి స్నేహితుడు. పెద్దలు చెప్పిందల్లా నమ్మే మనిషి. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఇద్దరూ కొట్టు ముందు చదరంగం పరిచేవారు. ఆట పేరుకే. అసలు పని పోట్లాట.

"పోయాక ఏముందిరా? ఫ్యూజు పోయినట్టే, అంతే" అనేవాడు మామయ్య.

"నీ ఇంట్లో ఫ్యూజు పోతే లోకంలో కరెంటు లేనట్టా, వెర్రివాడా?" అనేవాడు బాబాయ్, మామయ్య గుర్రాన్ని చంపేస్తూ.

ఒకరోజు మామయ్య గట్టిగా నిలదీశాడు. "ఇంత బతుకుండగా మీ మతాలన్నిటికీ ఆ చావు మీదే ఎందుకురా కన్ను? జనాన్ని భయపెట్టి కూర్చోబెట్టడానికి కాకపోతే?"

బాబాయ్ తాపీగా లేచాడు. "దీనికి మంచి జవాబుంది. ఆకలేస్తోంది, తినొచ్చి చెప్తా. పావులు కదిపావో, చూడు!"

తిన్నాడు. కాసేపు నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు.

మామయ్య ఏడవలేదు. ఆయనకి కోపం వచ్చింది. అన్నం పెడితే కసురుకున్నాడు, పలకరిస్తే మొహం తిప్పుకున్నాడు.

"పోయిన మనిషి మీద కోపమేంటండీ?" అంది అత్తయ్య.

"వచ్చి చెప్తానన్నాడే! చెప్పకుండా పోతాడా ఎవడైనా?"

బాబాయ్ వెళ్ళే ప్రార్థన హాల్లోనే సంతాప సభ పెట్టారు. మైకు మామయ్యదే. ఆ హాలు పెద్దాయన ఎప్పట్లాగే పైలోకం గురించి మాట్లాడి కూర్చున్నాడు. అప్పుడు బాబాయ్ భార్య వెనక గోడ దాకా నడిచొచ్చింది.

"అన్నయ్యా, మీరు రెండు మాటలు చెప్పండి. ఆయనతో మీ అంత మాట్లాడినవాళ్ళు లేరు, నాతో సహా."

మామయ్య అంతవరకూ మైకులో "హలో, హలో" తప్ప మాట్లాడి ఎరగడు. వెళ్ళి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్!" అన్నాడు. హాలంతా ఉలిక్కిపడింది. "తినొచ్చి చెప్తానన్నావు. ఏదిరా జవాబు? ఓడిపోతానని తెలిసి పారిపోయావు కదూ? ఓడితే ఇంత దూరం పోవాలా? మూసిన నీ కొట్టు చూడలేక కుర్చీ పక్కకి తిప్పుకుని కూర్చుంటున్నా. మెడ పట్టేసిందిరా, వెధవా!"

ముందు నవ్వింది బాబాయ్ భార్యే. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే చాలామంది ముక్కులు చీదుకున్నారు. మామయ్య తిడుతూ తిడుతూ ఏడ్చేశాడు.

సభ అయ్యాక ఆయన వైర్లు చుడుతుంటే పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"బాగా తిట్టావయ్యా. కానీ పోయినవాడు ఎక్కడా ఉండడంటావుగా, మరి ఇంతసేపూ ఎవర్ని తిట్టావు?"

మామయ్య చుట్టిన వైరునే విప్పి మళ్ళీ చుట్టాడు. "అలవాటండీ" అన్నాడు.

"మాదీ అలవాటేనయ్యా. మొదట్లో ఎవరో ఇలాగే పోయినవాణ్ణి తిడుతూ మొదలుపెట్టి ఉంటారు" అన్నాడు పెద్దాయన, ఆయన భుజం తట్టి.

ఇంటికొస్తూ మామయ్య నాతో అన్నాడు: "పైలోకం ఉందంటే ఇప్పటికీ నమ్మనే. కానీ మనిషి పోయినా వాడితో చెప్పాల్సిన మాట పోదు. దాన్నెక్కడ పెట్టుకోవాలి? అందుకే జనం పైన ఓ చోటు కట్టుకున్నారు. భయపెట్టడానికే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ."

తర్వాత సంతాప సభలకి పిలిచేవాళ్ళు మైకుతో పాటు ఆయన మాటా కావాలనేవారు. ఆయన మాత్రం వెళ్ళి, పోయినవాళ్ళతో ఎవరు ఎక్కువ పోట్లాడేవారో కనుక్కుని, వాళ్ళ చేతికే మైకిచ్చేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర అత్తయ్య అడిగింది: "నేను పోతే ఏమని తిడతారు?"

"నీకోసం మిగిల్చిందేముంది? ఎప్పటివప్పుడే అనేస్తున్నాగా!"

అత్తయ్య కూర గిన్నె ఆయన ముందు ఠంగుమని పెట్టింది. "నేను మాత్రం చాలా దాచుకున్నాను" అంది.