వంటక్క అడిగిన ప్రశ్న

పెద్దవంగర వైపు పెళ్లిళ్లకు వండే ఆ అక్క, ఎవరితో మాట్లాడినా నడుము మీద చెయ్యి వేసుకొని సూటిగా కళ్లలోకి చూసేది. ఒకసారి ఆమె వండిన విందు తిన్నవాళ్లు వాంతులు, విరేచనాలతో మహబూబాబాద్ దవాఖానలో చేరారు. రోగులవీ, ఆమెవీ నమూనాలు తీసింది ఆ దవాఖాన ల్యాబులో పనిచేసే నేనే. రోగుల్లోనూ ఆమెలోనూ సాల్మొనెల్లా బ్యాక్టీరియా కనిపించింది. పెళ్లివారింటి పెద్దాయన ఆమెను నడి బజారులో తిట్టాడు. ఇక ఆమెను వంటకు ఎవరూ పిలవలేదు.

ఆమె నేరుగా మా ల్యాబుకు వచ్చింది.

"నా కడుపుల పురుగు, వాళ్ల కడుపుల పురుగు ఒక్కటేనా సారూ? గా ముచ్చట తేల్చకుండ నన్నెట్ల అంటరు?"

ఆ నమూనాలనూ, విందు మజ్జిగకు ఐసు అమ్మిన ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఐసునూ జన్యు పరీక్షకు హైదరాబాదు పంపాను. మనుషుల వేలిముద్రల్లాగే బ్యాక్టీరియాలో ఒక్కో రకానికీ ఒక జన్యుముద్ర ఉంటుంది. రోగుల్లోని ముద్ర ఆమెలోని దానితో కలవలేదు. ఆ ఐసులోని దానితో అచ్చంగా కలిసింది.

ఆ రిపోర్టుతో ఇద్దరం పెళ్లివారింటికి వెళ్లాం. పెద్దాయన చదివించుకొని విని, గొంతు తగ్గించాడు.

"తప్పైంది బిడ్డా. మళ్ల వంటకు రా."

"మందులు వాడుతున్న, తగ్గినంక వస్త. కానీ బజార్ల తిట్టి ఇంట్ల బతిమాలుతవా బాపూ? గా బజార్లకే వచ్చి చెప్పు."

ఆయన చెప్పులు తొడుక్కొని ఆమె వెనకాలే బజారుకు నడిచాడు.