పన్నెండున్నర దిగితే

అతని అసలు పేరు పడవల షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. పన్నెండున్నర అంటే చాలు, పలికేవాడు. బ్యాటరీకి మీటరు పెట్టి ఓల్టులు చూసినప్పుడల్లా "పన్నెండున్నర దిగిందా, జబ్బు మొదలైనట్టే" అని అందరినీ హెచ్చరించేవాడు. అనగా అనగా ఆ అంకె అతనికే అంటుకుపోయింది.

ఏటా గాలుల కాలం నాలుగు నెలలూ పడవలన్నీ ఒడ్డెక్కి, షెడ్డులో పట్టాలు కప్పుకుని పడుకుంటాయి. ఇరవై రెండు పడవలు, ఇరవై రెండు బ్యాటరీలు. వాటిని విప్పి, కొనల మీద పేరుకున్న తెల్లటి తుప్పు వేడినీళ్లతో కడిగి, చెక్కబల్ల మీద వరసగా పెట్టి, నెత్తిన సుద్దతో మళ్లీ ఛార్జి ఎక్కించాల్సిన తేదీ రాయడం పన్నెండున్నర పని. కొత్తగా పడవ కొన్నవాళ్లు, "వాడకుండా దాస్తే దానికేమవుతుందయ్యా, భద్రంగా ఉంటుంది" అనేవారు. "వాడకపోతేనే పోతుంది బాబూ. ఊరికే కూర్చోబెడితే లోపల్లోపలే దిగిపోతుంది" అనేవాడతను. చెప్పింది బ్యాటరీ సంగతే. సొంత సంగతులు చెప్పుకునే అలవాటు అతనికి లేదు.

షెడ్డులో బియ్యం డబ్బా అంత పాత ఛార్జరు ఒకటి ఉండేది. దానికి ఆగడం తెలియదు. పక్కన ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టుకోకపోతే బ్యాటరీలో నీళ్లు మరిగి ఆవిరైపోతాయి. అందుకని పన్నెండున్నర ఒక కట్టడి పెట్టాడు. ఎవరి బ్యాటరీకి వాళ్లే నెలకోసారి వచ్చి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని ఛార్జి ఎక్కించుకోవాలి. "నీ బిడ్డకి నువ్వే ముద్ద పెట్టుకో" అనేవాడు. గొణుక్కుంటూనే అందరూ వచ్చేవారు. అలా నెలలో ఇరవై రెండు రోజులు అతని పక్కన ఒక మనిషి ఉండేవాడు. అతనికి పెళ్లి అచ్చిరాలేదు. ఉన్న ఒక్క చెల్లెలు ఆదివారం ఫోన్ చేసి, "తిన్నావా అన్నయ్యా" అని అడిగి పెట్టేస్తుంది.

వచ్చేవాళ్లందరిలో లంగరు అంటే అతనికి ప్రాణం. కూర్చున్నాడంటే లేవడు కాబట్టి ఆ పడవవాడికి ఆ పేరు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అని ఇద్దరూ వరస కలుపుకున్నారు. బ్యాటరీ నిండాక కూడా లంగరు మరో గంట కూర్చుని తన ఇంజిను గురించి కోతలు కోసేవాడు. అన్నీ అబద్ధాలని తెలిసీ పన్నెండున్నర ఊఁ కొట్టేవాడు.

అంతలో అరచేయంత కొత్త ఛార్జర్లు వచ్చాయి. తగిలించి వెళ్లిపోవచ్చు. నిండితే అవే ఆగుతాయి, దిగితే అవే ఎక్కిస్తాయి. ఒకరిని చూసి ఒకరు కొన్నారు. అందరికన్నా చివర లంగరు కొన్నాడు, అదొక్కటే ఊరట. "ఇక నీది రాజభోగం. పచ్చలైట్లు చూసుకుంటూ కూర్చో" అన్నాడు షెడ్డు యజమాని. ఆ ఏడు గాలుల కాలంలో ఇరవై రెండు పచ్చలైట్లు వెలిగాయి. మనిషన్నవాడు మాత్రం ఆ గడప తొక్కలేదు. పన్నెండున్నర అలవాటు కొద్దీ రెండు గ్లాసుల టీ కాచి, రెండోది కూడా తనే తాగేవాడు. అతనికి పొద్దు గడవడం గగనమైపోయింది.

యాభై రోజులు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున, షెడ్డులో చేరిన పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. లంగరు బ్యాటరీకి ఉన్న ఛార్జరు పీకేసి, చిన్న బల్బు తగిలించాడు. నాలుగు రోజుల్లో పన్నెండున్నర దిగుతుంది, కబురు పెడితే బావ పరిగెత్తుకొస్తాడు, ఇద్దరూ రోజంతా కూర్చుని ఎక్కిస్తారు. ఇంతే అతని ఎత్తు.

నాలుగో రోజు ఫోన్ చేశాడు.

"బావా, నీ బ్యాటరీ దిగిపోతోంది. ఓసారి రావాలి."

"పోతే పోనీ బావా, పాతదేగా. సీజనుకి కొత్తది కొంటాలే. నువ్వెలా ఉన్నావు?"

"బాగానే ఉన్నా" అని పెట్టేశాడు.

ఆ బల్బు అప్పుడే తీసేస్తే సరిపోయేది. తీయలేదు. వాడికే అక్కర్లేనిది నాకెందుకని ముఖం మాడ్చుకుని, ఆ మూలకి వెళ్లడమే మానేశాడు. అలక లంగరు మీద, శిక్ష బ్యాటరీకి. రెండు వారాల తర్వాత మనసాగక వెళ్లి చూస్తే బల్బు ఆరిపోయి ఉంది. మీటరులో ముల్లు మూడు దగ్గర పడుకుంది. పాత ఛార్జరు దుమ్ము దులిపి, మూడు రోజులు పక్కనే కూర్చున్నాడు. ఎక్కినట్టే ఎక్కి, తీగలు తీసిన గంటలో జారిపోయింది. పంతొమ్మిదేళ్లలో అతని దగ్గర బ్యాటరీ పోవడం అదే మొదలు, అదీ చేజేతులా. ఆ ఆదివారం చెల్లెలు అడిగితే తిన్నానని అబద్ధమాడాడు.

గాలులు తగ్గాక లంగరు కొత్త బ్యాటరీ మోసుకుని వచ్చాడు. పన్నెండున్నర దాచలేదు. బల్బు చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఇంత చిన్నదానికి దాన్ని చంపాలా?" అన్నాడు లంగరు. "ఊరికే రమ్మంటే సరిపోయేదిగా."

"ఊరికే రమ్మంటే వచ్చేవాడివా?"

లంగరు తల గోక్కున్నాడు. "ఏమో బావా. రేపొస్తా అనేవాణ్ణేమో."

రేపటి మాటెలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. ఆ జవాబు పన్నెండున్నరకి గట్టిగానే తగిలింది. కానీ ఇంజిను గురించి అన్ని కోతలు కోసేవాడు ఈ ఒక్క విషయంలో నిజం చెప్పాడు కదా అనుకున్నాడు.

మరుసటి గాలుల కాలంలో లంగరు బ్యాటరీ ఒక్కటే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఛార్జరేదీ?"

"తమ్ముడికిచ్చేశా. నీ డబ్బా ఉందిగా. నెలకోసారి వస్తాలే."

మొదటి నెల చెప్పిన రోజుకే వచ్చాడు. రెండో నెల సుద్దతో రాసిన తేదీ దాటిపోయింది. పన్నెండున్నర రోజూ పొద్దున్నే మీటరు పెట్టి చూసేవాడు. ఒక రోజు ముల్లు పన్నెండున్నర దగ్గర. ఇంకో రోజుకి, ఇంకొంచెం కిందికి. పాత ఛార్జరు మూరెడు దూరంలో ఉంది. తీగలు అందుకోవాలని మనసు పీకింది. ముట్టుకోలేదు.

తొమ్మిదో రోజు లంగరు రొప్పుకుంటూ వచ్చాడు.

"పనుల్లో పడి మర్చిపోయా బావా. ఎంతుంది?"

"పన్నెండు మీద కొంచెం."

"అంత దిగనిచ్చావా? రోజూ చూస్తూనే ఉన్నావు, నువ్వే ఎక్కించెయ్యొచ్చుగా."

తీగల చిక్కు విప్పుతున్న పన్నెండున్నర తలెత్తలేదు.

"నేను ఎక్కిస్తే నువ్వు రావుగా" అన్నాడు.

లంగరు పీట లాక్కుని బ్యాటరీ పక్కన కూర్చున్నాడు.