సర్పగంధికి ఇన్‌స్పెక్షన్

మొన్న చేజేతులా నేను ఎంత పని చేశానో చెబితే మీకు టీ గొంతు దిగదు. ముందు కప్పు కింద పెట్టండి!

సాలూరు దాటాక ఒక కొండవాలు ఉంది. అక్కడ పదకొండు సర్పగంధి మొక్కలు ఉండేవి. మందుల కోసం వేర్లు తవ్వి తవ్వి చుట్టుపక్కల కొండల్లో ఇంకెక్కడా మిగల్చలేదు. ఈ పదకొండే! బాటనీ లెక్చరర్ని, ఊరుకోగలనా? ఆ వాలుకి చట్టం కింద రక్షణ ఇమ్మని రెండేళ్ళు అర్జీలు పెట్టాను. శ్రీకాకుళంలో బస్సెక్కడం, ఫారెస్టు ఆఫీసు బెంచీ మీద కూర్చోవడం, "సార్ క్యాంపులో ఉన్నారు" అనిపించుకుని తిరిగి రావడం.

చివరికి ఫోనొచ్చింది. మంగళవారం ఇన్‌స్పెక్షన్! ఆనందం పట్టలేక ఆ కొండ కింది ఊరి సర్పంచ్ సూరన్నకి ఫోన్ కొట్టాను. నా పాత స్టూడెంటే.

"ఒరే సూరన్నా, పెద్దాఫీసర్ వస్తన్నారురా. ఆ సోటు కాస్త నీటుగా ఉంచు."

"మీరు సెప్పాలేటి మాస్టారూ! నాను సూసుకుంతాను కదా."

మంగళవారం జీపు దిగి చూస్తే కళ్ళు తిరిగాయి. వాలంతా గుండు కొట్టినట్టుంది. నేల చెక్కేశారు. రాళ్ళకి సున్నం, దారికి రెండు పక్కలా ముగ్గు గీతలు, మధ్యలో షామియానా, కూల్‌డ్రింకులు! పెద్దాఫీసర్ వస్తున్నారంటే మన ఊళ్ళలో ఏం చేస్తారో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? ఫోన్ చేసినప్పుడు తట్టలేదు. నా బుర్ర అంతే.

సూరన్న దండ పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"మొక్కలేవిరా?"

"పిచ్చిమొక్కలా మాస్టారూ? ఒక్కటుంటే ఒట్టు! ఉపాధి పనోళ్ళని పెట్టి ఏర్లతో పీకించీసినాను. మల్లీ మొలవకుండా తగలెట్టించీసినాను కూడా."

వాణ్ణి కొడదామనిపించింది. ఏమని కొట్టను? క్లాసులో వాడికి సర్పగంధి పాఠం చెప్పింది నేనే, బోర్డు మీద బొమ్మ గీసి. ఒక్కనాడైనా కొండకి తీసుకెళ్ళి ఇదిరా అని చూపించానా?

ఆఫీసర్ గారు పాపం మంచాయనే. "మొక్క లేని చోటుకి రక్షణ ఎలా ఇస్తామండీ?" అన్నారు. నిజమే కదా! "సదరు స్థలంలో సర్పగంధి మొక్కలు లేవు" అని ఒక కాగితం రాయించి నా ముందుకి జరిపారు.

"తెలిసినవాళ్ళ సంతకం కావాలండి. మీకన్నా ఎవరున్నారు?"

పెట్టాను. ఏడుపొచ్చేసింది. రెండేళ్ళలో నా కాగితం ఒక్కటంటే ఒక్కటి ఆ ఆఫీసులో కదల్లేదు. ఇది మాత్రం అక్కడికక్కడే, షామియానా కిందే, ముద్ర పడి పాసైపోయింది!