బర్రె నడిచిన అడుగులు

మొన్న అలమారా సర్దుతుంటే పాత బట్టల కింద ఒక వాచీ దొరికింది. వేళతో పాటు మనం వేసే అడుగులు కూడా లెక్కపెట్టే రకం. పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళయినా బర్రె వాసన పోలేదు. ఒక్కణ్ణే కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాను.

ఆ వాచీ మా తమ్ముడి కూతురిది. అప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. బడి, ట్యూషన్, ఇంటికొస్తే మంచం మీద ఫోను, పక్కన మిక్చర్ పొట్లం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ మా ఇంట్లో కొండలు పెరిగాయి. అందులో పెద్దకొండను నేనే, ఆఫీసు కుర్చీని ముప్పై ఏళ్ళు అరగదీసినవాణ్ణి. ఒకరోజు డాక్టరమ్మ పిల్ల రక్తపరీక్ష చూసి, షుగరు అంచుదాకా వచ్చిందనీ, మూడు నెలల్లో తగ్గకపోతే ఈ వయసులోనే మాత్రలు మొదలుపెట్టాల్సి వస్తుందనీ చెప్పింది. మా మరదలు ఆ పూట అన్నం ముట్టలేదు. తమ్ముడు వాచీ కొనిచ్చి, రోజుకు ఎనిమిది వేల అడుగులు నడవాలన్నాడు. రిటైరై ఖాళీగా ఉన్నానని కాపలా పని నాకు అప్పజెప్పారు. నేను అరుగు మీద పేపరు చదువుతూ కాపలా కాసేవాణ్ణి. పిల్ల బయటికి పోయి వచ్చి వాచీ చూపించేది. ఎనిమిది వేలు, ఒక్కోనాడు తొమ్మిది. "షాబాష్ లడ్డూ!" అనేవాణ్ణి. పుట్టినప్పటి నుంచీ దాన్ని అలాగే పిలిచేవాణ్ణి.

మాది పాతబస్తీలో గౌలిపుర. తాతల నాటి పాలవ్యాపారంలో అప్పటికి మిగిలినవి రెండు బర్రెలు, వాటిని మా అమ్మ చూసుకునేది. నెల తిరిగాక ఒకనాడు అమ్మకు మోకాళ్ళు పట్టేస్తే గడ్డి వేయడానికి నేను కొట్టంలోకి వెళ్ళాను. పెద్ద బర్రె కొమ్ముకు వాచీ కట్టి ఉంది! ఈగలు తోలుకోవడానికి బర్రె తల ఆడించినప్పుడల్లా ఒక అడుగు. పిల్లేమో గడ్డిమోపు మీద కూర్చుని ఫోను చూస్తోంది.

కోపం తన్నుకొచ్చింది. "ఏందే ఇది? రేపు గోలీలు బర్రె మింగుతదా, నువ్వు మింగుతవా?" అని అరిచాను.

పిల్ల తల వంచుకుంది. "గల్లీల నడుస్తుంటే అందరు నవ్వుతుండ్రు పెద్దబాపూ. బర్రె లావుంటే మంచిగున్నదంటరు. నేను లావుంటే లడ్డూ అంటరు."

గల్లీకి ఆ పేరు నేర్పింది నేనే కదా. అరుగు మీద నుంచి పది మందికీ వినబడేలా కేకేసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బర్రె నడిచిన నెల పోగా మాకు రెండు నెలలే మిగిలాయి.

మర్నాడు పొద్దున్నే బర్రె తాడు విప్పి పిల్ల చేతికిచ్చాను. "పట్టుకో బిడ్డా. చూసెటోళ్ళు బర్రెను చూస్తరు, లేకుంటే నా బొజ్జను చూస్తరు. నిన్నెవ్వరు చూడరు." అలా బయల్దేరింది మా ఊరేగింపు. ముందు బర్రె, పక్కన పిల్ల, వెనక రొప్పుతూ నేను. కిరాణా కొట్టు భాయ్ రోజూ "క్యా మామూ, భైంస్ కు భీ వాకింగ్?" అని బర్రెను చూపించి నవ్వేవాడు. "హౌ భాయ్, ముగ్గురికీ షుగరే!" అనేవాణ్ణి. పిల్ల కిసుక్కున నవ్వేది. ఒకనాడు ఆటో హారన్‌కు బర్రె బెదిరి పరుగందుకుంది. పిల్ల తాడు వదలకుండా గల్లీ చివరిదాకా దాని వెంట పరిగెత్తింది. నేను పడుతూ లేస్తూ వెళ్ళేసరికి మొహమంతా చెమటతో, "పెద్దబాపూ, నేను ఉరికిన!" అని కేకేసింది. చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాసే లేదు.

మూడో నెలలో చేసిన పరీక్షలో షుగరు అంచు దిగింది. మాత్రలు అక్కర్లేదంది డాక్టరమ్మ. నా ప్రాణం లేచొచ్చింది.

పిల్ల ఇప్పటికీ బొద్దుగానే ఉంది, ఆ ఫికర్ దానికి లేదు. కాలేజీకి పోవడానికి బస్టాపు దాకా నడిచే వెళుతుంది. నేను అసలు పేరు పెట్టే పిలుస్తాను. నిన్న తోడు బయల్దేరితే, గోడవారకు ఒదగకుండా నా ముందు నడిచి, మలుపు దగ్గర ఆగి, "జెర జల్ది నడువు పెద్దబాపూ, బస్సు పోతది," అంది. మా గల్లీ అప్పుడెంత ఇరుకో ఇప్పుడూ అంతే. ఆ గల్లీ నడిమధ్యన నడవడానికి పిల్లకు నాలుగేళ్ళు పట్టింది. ఆ పిల్ల వెనక నడవడం నేర్చుకోవడానికి నాకు అరవై ఐదేళ్ళు పట్టింది.