దయ్యానికి దిష్టిచుక్క, పదకొండు గడపలకు నిమ్మచెక్క

ఆ కబురు మొదట నాకు మోసుకొచ్చింది యాదమ్మ. యాప్రాల్‌లో మేముండే అపార్ట్‌మెంటు మెట్లూ వరండాలూ తుడిచేది ఆవిడే. ఆ కబురు నా చెవిన పడకపోయి ఉంటే, ఒక్క సాయంత్రంలో పదకొండు కుటుంబాలను హడలగొట్టి, ఒక మంచి మనిషి కూటికి ఎసరు పెట్టబోయిన ఘనత నాకు దక్కేదే కాదు. ఏడేళ్ళ కిందటి మాట. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను కానీ, ఆ రోజు నా మొహం చూసి ఉంటే మీరే జాలిపడి మజ్జిగ ఇచ్చేవారు.

"అమ్మా, ఎల్లుండి పొద్దుగూకంగ పోరగాళ్ళు దయ్యాల లెక్క తయారై ఇల్లిల్లు తిరిగి చాక్లెట్లు అడుగుతరంట. లిఫ్టు కాడ కాయిదం అంటించిండ్రు," అంది యాదమ్మ, చీపురు గోడకు ఆనించి. "మంచిగున్న పిల్లలను దయ్యాలు జేసుడేందో."

మా మరిది కూతురు లాస్యకు అప్పుడు ఆరేళ్ళు. దాని అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది కనుక, దయ్యాన్ని ఊరేగించే బాధ్యత పెద్దమ్మనైన నా మీద పడింది. తెల్ల దుప్పటికి కళ్ళ దగ్గర రెండు చిల్లులు చేసి దాని నెత్తిన వేశాను. ఎంత ముద్దొచ్చిందంటే, పదిమంది కళ్ళూ పడతాయని భయం వేసి, దుప్పటి బుగ్గ మీద కాటుకతో ఇంత చుక్క పెట్టాను. లోకంలో దయ్యానికి దిష్టిచుక్క పెట్టిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. అక్కడితో ఆగినా బాగుండేది.

నా చదువు సంగతి కాస్త చెప్పాలి. నేను బడి గడప తొక్కలేదు. మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. వాటితో పాటు ఒక నియమం కూడా దిద్దించారు. ఎవరింట ఏది పుచ్చుకున్నా ఆ గడప దగ్గర ఏదో ఒక మంచి వదిలి రావాలి, వదిలానని చెప్పుకోకూడదు. పెళ్ళయ్యాక మా అత్తగారు రెండో పాఠం చెప్పారు. రెజిమెంటల్ బజార్‌లోని మా బట్టల కొట్టు గడపకు ప్రతి శుక్రవారం నిమ్మకాయ కోసి, చెక్కలకు కుంకుమ అద్ది, అటొకటి ఇటొకటి పెట్టడం. చెడుచూపు లోపలికి రాకుండా ఉండేందుకు. పాతికేళ్ళు పెట్టాను. ఎర్రటి నిమ్మచెక్క నా కళ్ళకు దీపమంత శుభంగా కనిపిస్తుంది. అందరివీ నా కళ్ళే అనుకోవడమే నా చదువులో మిగిలిపోయిన పాఠం.

మీకు అర్థమైపోయింది కదా. నాకు అప్పటికి కాలేదు.

పుణ్యానికి చాక్లెట్లు ఇచ్చే ఇళ్ళకు దయ్యం వేషంలో వెళ్తున్నాం, ఆ ఇళ్ళకు దిష్టి తగలకూడదు అనుకున్నాను. కోసి, కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు స్టీలు డబ్బాలో పెట్టుకుని బయలుదేరాను. ఎంత ఆదరించారో చెప్పలేను. ఎదురింటి రజియా లాస్య దోసిలి నింపింది. కింది అంతస్తు సుబేదారుగారు, సైన్యంలో చేసి వచ్చిన మనిషి, దయ్యాన్ని చూసి భయపడినట్టు నటించి మరీ రెండిచ్చారు. ప్రతి తలుపూ మూసుకున్నాక నేను వంగి, గడపకు రెండు వైపులా చెక్కలు పెట్టి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుని, చప్పుడు కాకుండా వచ్చేశాను. రెండో అంతస్తులో ఒకసారి మెట్ల మీద బకెట్టు అలికిడి అయింది కానీ, తిరిగి చూడలేదు.

"వాళ్ళు చాక్లెట్లిస్తే మనం నిమ్మకాయలెందుకు పెద్దమ్మా?" అంది దుప్పట్లోంచి లాస్య.

"మంచిది తల్లీ. ఎవరికీ చెప్పకూడదు."

తెల్లవారి పాలపాకెట్ల కోసం తలుపులు తెరిచారు. ఇక చూడండి. సుబేదారుగారు నిమ్మచెక్కను షటిల్ బ్యాటుతో దూరం నుంచి జరిపారట. పై అంతస్తు ఆవిడ గడప దాటనని లోపలే కూర్చుంటే, వాళ్ళాయన ఆఫీసు మానేశాడట. అందరూ కింద పోగయ్యారని విని, నిమ్మకాయల గురించే మాట్లాడుతున్నారని కూడా విని, నేను, ఏమని చెప్పను, సిగ్గుపడ్డాను. నలుగురిలో మెచ్చుకుంటారేమోనని ఇస్త్రీ చీర కట్టుకుని దిగాను.

దిగగానే రజియా నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, అందరి గుమ్మాల ముందు ఎవరో చేతబడి చేసిండ్రు. మీదొక్కటే మిగిలింది. ఇయ్యాల మా ఇంట్ల ఉండుండ్రి, మీకేమన్న అయితే నేను తట్టుకోలే."

దొంగకు తేలు కుడితే అరవలేడంటారు. భక్తురాలికి కుడితే నామస్మరణ కూడా నోటికి రాదు.

అపార్ట్‌మెంటు సెక్రటరీగారు మధ్యలో యాదమ్మను నిలబెట్టారు. చెప్పుల స్టాండ్లు వరండాకు అడ్డం పెట్టొద్దని అంతకు వారం ముందే ఆమె అందరితో పోట్లాడింది. ఆ కసితోనే చేసిందని తేల్చేశారు. "పొద్దుగాల అన్ని గుమ్మాల కాడ తిరిగేది నువ్వొక్కదానివే. నిజం చెప్పకుంటే రేపటిసంది పనికి రాకు," అన్నారాయన. ఆ పని మీదే ఆమె ఇద్దరు ఆడపిల్లల చదువు నడుస్తోంది.

"నేను పెట్టలే సారూ," అంది యాదమ్మ. మరి ఎవరు పెట్టారని అడిగితే తన కాళ్ళ వంక చూసుకుంది. నా వంక మాత్రం చూడలేదు. ఆ చూడకపోవడంతో నాకు తెలిసిపోయింది. సాయంత్రం నేను రెండో అంతస్తులో వంగి ఉన్నప్పుడు బకెట్టుతో మెట్లెక్కిన అలికిడి ఆమెదే.

దేవుడా, ఎవరైనా లేచి నిజం చెప్పేలా చూడు అని మొక్కుకున్నాను. మొక్కు సగంలో ఉండగా ఆ ఎవరైనా నేనే అని గుర్తొచ్చింది.

"నేనే పెట్టానండి," అన్నాను. "మీరంతా చల్లగా ఉండాలని."

నాన్న నియమం, కొట్టు గడప, స్టీలు డబ్బా, అన్నీ వరుసగా ఒప్పుకున్నాను. ముందుగా సుబేదారుగారు నవ్వారు. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. "జెర చెప్పి పెట్టొచ్చు కదమ్మా," అన్నారు సెక్రటరీగారు తల పట్టుకుని. నేను యాదమ్మకు రెండు చేతులూ జోడించాక, ఆయన కూడా జోడించక తప్పలేదు.

మెట్ల మీద ఆమెను పట్టుకుని అడిగాను, చూసి కూడా ఎందుకు చెప్పలేదని.

"నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్తే నిజమైతది. చెప్తవని నాకెరుకే," అంది. ఏదో అనబోతుంటే ఆమే అందుకుంది. "గని అమ్మా, పదకొండు నిమ్మకాయలు. పులిహోర కలిపి పెడితే బ్లాకంతా తింటుండె. ఆడ పారేస్తివి."

అందుకే ఇదిగో, దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ చేతులతో ఒకరి గుమ్మం ముందు నిమ్మచెక్క పెట్టను, పెట్టినా అది పులిహోర గిన్నెలో పిండాకే. ఏటా ఆ దయ్యాల సాయంత్రం మా ఇంటికొచ్చిన ప్రతి దయ్యానికీ చాక్లెట్‌తో పాటు దొన్నెడు పులిహోర దక్కుతోంది. మొదటి దొన్నె ఎవరికో వేరే చెప్పాలా.

మీరు ఇవాళ దేవుడి దగ్గర దీపం పెట్టినప్పుడు నా పేరు తలవకపోయినా పరవాలేదు. యాదమ్మ పేరు ఒక్కసారి తలుచుకోండి.